మలాం గది గాలి

అలారం మోగింది.

ఆ ప్రయోగశాలలో అది మోగితే చేయవలసిన పని ఒక్కటే. చేతిలో ఏముంటే అది వదిలేసి బయటికి పరుగెత్తాలి. ఎక్కడో గాజు గొట్టం పగిలి, పాదరసపు ఆవిరి గదిలోకి వస్తోందని దాని అర్థం. ఆ ఆవిరికి రంగు లేదు. వాసన లేదు. ముక్కులోంచి నేరుగా నెత్తురులోకి వెళ్ళి, మెదడులోనూ మూత్రపిండాల్లోనూ కాపురం పెడుతుంది.

ప్రయోగశాల సహాయకుడు జుబేర్ పరుగెత్తాడు. అతని వెనకే పరిశోధక విద్యార్థులు ఇద్దరూ పరుగెత్తారు.

డాక్టర్ వాగ్దేవి కదల్లేదు.

వాసన లేని ఆ ఆవిరి మెంతులు వేగుతున్న వాసన వేస్తోంది.

మొదట మెంతులు. ఆ వెనక వేడినీళ్ళలో పిసికిన కుంకుడుకాయలు. వాటి అడుగున, పలచగా, నుదుటికి రాసుకునే తలనొప్పి మందు. ఇవన్నీ కలిసిన గాలి భూమ్మీద ఒక్కచోటే ఉండేది. ఆదివారం పూట, బందరులో, ఆచార్ల వీధిలో, ఆమె తల్లి మాణిక్యాంబ వంటింట్లో.

మాణిక్యాంబ చనిపోయి రెండేళ్ళు దాటింది.

వాగ్దేవి కళ్ళు మూసుకుంది. తడి జుట్టు ముడేసుకుని, కొంగు నడుముకి దోపుకుని, పొయ్యి ముందు నిలబడిన మనిషి వీపు కనిపించింది. ఇంకాసేపు నిలబడితే ఆ మనిషి ఇటు తిరుగుతుంది.

ఎవరో చేయి పట్టి గుంజారు. జుబేర్. ఊపిరి బిగబట్టి, బుగ్గలు పూరించి, ఆమెను వరండాలోకి ఈడ్చుకొచ్చి తలుపు మూసేశాడు.

"ఏం మేడమ్, బతకాలని లేదా?" అన్నాడు గుండె పట్టుకుని. "అలారం మోగితే ఆగొద్దని గోడకి కాగితం అంటించింది మీరే కదా! పోయిన నెల నేను చెప్పుల కోసం వెనక్కి తిరిగితే అరగంట తిట్టారు."

"జుబేర్, నీకు వాసన వచ్చిందా?"

"వచ్చింది. ఎవడో టిఫిన్ డబ్బా లోపలికి తెచ్చాడు. వాడెవడో ఇవాళ తేలాలి."

"ఎవరూ తేలేదు" అంది వాగ్దేవి. ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "గొట్టంలో ఉన్నవి మా ఇంటి మిరియాలు."

మిరియాలన్నది ప్రయోగశాలలో పెట్టుకున్న ముద్దుపేరు. నిజానికవి కొబ్బరిచిప్పల బొగ్గుకు రాగి ఉప్పు పట్టించి చేసిన నల్లటి గుళికలు. గనిలోంచి వచ్చే బొగ్గులో పిసరంత పాదరసం ఉంటుంది. బొగ్గు మండినప్పుడల్లా అది పొగగొట్టంలోంచి పైకి పోతుంది. వానతో కిందికి దిగుతుంది. చెరువులో చేపకి, చేపనుంచి కంచానికి చేరుతుంది. పొగగొట్టంలో ఈ గుళికల అరలు పెడితే పాదరసం వాటిని దాటిపోలేదు. నిండిన గుళికల్ని మూసిన గొట్టంలో వేడిచేస్తే, పట్టినదంతా కక్కేసి మళ్ళీ పనికి సిద్ధమవుతాయి.

వాగ్దేవి ఇన్నేళ్ళ కష్టమంతా ఆ చివరి గుణంలోనే ఉంది. మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు కనకనే ఒక థర్మల్ విద్యుత్ కేంద్రం తన పొగగొట్టాలన్నిటికీ వాటిని పెట్టుకోవడానికి ముందుకొచ్చింది. సంతకాలే తరువాయి.

పెద్ద పొగగొట్టానికి ఎక్కించే ముందు చిన్నదాంట్లో పరీక్షించాలి. పొగగొట్టం చిన్నదిగా ఉండాలి, పాదరసం ఎక్కువగా ఉండాలి. అలాంటి చోటును వాగ్దేవి వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఆమె పుట్టి పెరిగింది అక్కడే.

*

ఆమె తండ్రి నాగలింగాచారి బంగారు మలాం చేసేవాడు.

గుడి కలశాలు, ఉత్సవ విగ్రహాల కిరీటాలు, పల్లకీ కొమ్ములు. రాగి వస్తువు బండి మీద వచ్చి గుమ్మంలో దిగేది. ఆయన బంగారు రేకుల్ని పాదరసంలో వేసి వెన్నలా నూరేవాడు. ఆ వెన్నను రాగి మీద పులిమి కుంపటి మీద తిప్పేవాడు. చూస్తుండగానే తెల్లటి పూత పొగలా లేచిపోయేది. అడుగునుంచి పచ్చగా బంగారం బయటపడేది.

చిన్నప్పటి వాగ్దేవికి అంతకన్నా గొప్ప ఇంద్రజాలం తెలీదు. "మా నాన్న వెండిని బంగారం చేస్తాడు" అని బడిలో చెప్పి, అబద్ధాలాడుతున్నందుకు టీచరమ్మ చేత మొట్టికాయ తింది. ఇంటికొచ్చి ఏడిస్తే నాగలింగాచారి పకపకా నవ్వాడు.

"రేపు మీ టీచరమ్మ గాజులు పట్రావే. మలాం వేసిచ్చి నోరు మూయిద్దాం."

వంటింటికీ మలాం గదికీ మధ్య ఒక కిటికీ ఉండేది. మజ్జిగ గ్లాసులు ఆ కిటికీలోంచే అటు వెళ్ళేవి. కబుర్లు ఇటు వచ్చేవి.

"ఏమయ్యా, దేవుడి కిరీటం అయ్యిందా? అన్నం చల్లారిపోతోంది."

"దేవుడికేం తొందర్లేదే మాణిక్యం. నీకే తొందర."

వాళ్ళ కాపురమంతా ఆ కిటికీలోంచే సాగింది. పాదరసమూ ఆ కిటికీలోంచే వంటింట్లోకి వచ్చింది.

ఆ సంగతి తెలిసేసరికి ఆలస్యమైపోయింది. మాణిక్యాంబ మూత్రపిండాలు పాడయ్యాయని డాక్టరు చెప్పాడు. ఎందువల్ల పాడయ్యాయో కూడా చెప్పాడు. వాగ్దేవి మొదటి మాట మాత్రమే తండ్రికి చేరవేసి, రెండోది తన దగ్గరే ఉంచుకుంది. ఆ మాట వింటే ఆ మనిషి ఏమైపోతాడో ఆమెకు తెలుసు. అప్పుడే తయారైన మిరియాల్ని ఒక రేకు డబ్బాలో నింపి, కుంపటి మీద పొగగూడు కట్టించి, ఫ్యాను పెట్టించి, "మా పరీక్ష కోసం నాన్నా, కాదనకు" అని మాత్రం అంది.

ఫ్యాను మలాం గది గాలినే లాక్కుని ఊరుకోలేదు. కిటికీలోంచి వంటింటి గాలిని కూడా లాక్కుంది. మిరియాలు పాదరసాన్ని పట్టుకున్నాయి. పాదరసం వంటింటిని పట్టుకుంది.

మాణిక్యాంబ పోయాక నాగలింగాచారి మలాం మానేశాడు. జుబేర్ బందరు వెళ్ళి, డబ్బా ఊడదీసి, అందులోని గుళికల్ని సీసాల్లో పోసుకుని తెచ్చాడు. ఇంతకాలానికి వాటి వంతు వచ్చింది.

*

పగిలిన గొట్టం మార్చారు. రెట్టింపు కవచం పెట్టారు. మళ్ళీ వేడిచేశారు.

సంగతి తేలడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. గుళికలోకి వెళ్ళిన ప్రతి పాదరసపు పొరా, ఆ క్షణంలో గాలిలో ఏ వాసన ఉంటే దాన్ని తనతో కట్టుకుపోయింది. పొర మీద పొర. వేడిచేసినప్పుడు చివర చేరినది ముందు బయటికొస్తుంది. అంటే కాలం వెనక్కి నడుస్తుంది. మొదట మందుల వాసన, తరవాత ఆ ముందు నెల, ఆ ముందు ఏడు.

వాసనను మాత్రం బయటికి వదిలి పాదరసాన్ని ఆపాలని వాగ్దేవి చూసింది. జల్లెడ మార్చింది. మంచుగడ్డల్లో చల్లార్చి చూసింది. పాదరసాన్ని ఆపిన ప్రతిదీ వాసనను కూడా ఆపేసింది. ఆ రెండూ విడిపోవు.

ఆవిరిలో ఏముందో కొలిచే యంత్రం తెర మీద గీత లేస్తూ పడుతూ ఉండేది. దాని ఆకారం చూసి ఏది ఏమిటో చెప్పడం ఆమెకు అలవాటైంది. ఇది ఇంగువ. ఇది సాంబ్రాణి. ఇది పచ్చి పసుపుకొమ్ము. మందపాటి గాజుకు అవతల తన తల్లి వంట చేసుకుంటోంది. ఇవతల కూతురు కుర్చీలో కూర్చుని గీతలు చూస్తోంది.

డైరెక్టరు భానోజీరావు విజయనగరం వైపు మనిషి. కబురు విని పరుగున వచ్చాడు.

"ఏటమ్మా ఇది! థర్మలోళ్ళు ఇచ్చేది ఏపాటి? ఇది ఇంటింటికీ ఎల్తాది. పతీ వంటింట్లోనూ ఒక డబ్బా. అమ్మ పోయినా అమ్మ వంట పోదు. నా చిన్నప్పుడు మాయమ్మ తంపటేసిన తేగలుండీవి... ఆ వాసన కోసం నేను ఆస్తి రాసిచ్చీగలను."

"పాదరసం లేకుండా వాసన రాదు సార్."

"కొద్దిగానే కదా?"

ఆ మాట ఆమెను భయపెట్టింది. అలారం మోగిన రోజునుంచీ ఆమె మనసులో తిరుగుతున్న మాటా అదే. కొద్దిగానే కదా. ఒక్క గుళిక. ఒక్క నిమిషం.

గేటు దగ్గర కాపలా ఉండే యాదగిరి ఆమె కారుకు అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, మా అవ్వ ఊర్ల ఉన్నది. మంచిగనే ఉన్నది, దేవుని దయవల్ల. గా డబ్బా ఒకటి మా ఇంట్ల పెట్టిస్తరా? ఉన్నప్పుడే పెట్టుకుంటే నయం గద."

వాగ్దేవి కారు లోపలికి పోనిచ్చి, తన గదిలోకి వచ్చి కూర్చుంది. టన్నులకొద్దీ గుళికలు పొగగొట్టాలకు ఎక్కుతాయి. సంగతి గేటు దాటి పొక్కితే మనుషులు వాటిని దొంగిలిస్తారు. పొయ్యి మీద పెట్టుకుంటారు. ఒక్క నిమిషం కోసం.

అలా అనుకుంటుండగానే ఫోను మోగింది. బందరు నుంచి. పక్కింటి సోమాచారి.

"అమ్మాయ్, నేనే, బాబాయిని. మీ నాన్న నాతో దెబ్బలాడాడే."

"మీరు రోజూ ఆడుకునేదే కదా బాబాయ్. చదరంగంలో ఎవరు తొండి చేశారు?"

"చదరంగమా! బల్ల మీద పావు నిలబెట్టలేకపోతున్నాడే మనిషి. చేతులు వణుకుతున్నాయి. చిగుళ్ళు వాచి అన్నం నమల్లేకపోతున్నాడు. పలకరిస్తే పాములా లేస్తున్నాడు. మధ్యాహ్నమయ్యేసరికి మలాం గదిలోకెళ్ళి గడియ పెట్టుకుంటాడు."

వాగ్దేవి లేచి నిలబడింది. "మలాం మానేశారుగా?"

"అదే అడిగానే. అడిగినందుకే ఈ దెబ్బలాట." సోమాచారి కాసేపు నసిగాడు. "ఇంకో సంగతి. చెబితే ముసలాడికి మతిపోయిందంటావు. ఆ గదిలోంచి మీ అమ్మ పులిహోర కలుపుతున్న వాసనొస్తోందే."

వాగ్దేవి నవ్వలేదు. బీరువాలోంచి మాస్కు తీసుకుంది. పాదరసం ఒలికితే చల్లడానికి దాచిన గంధకం పొడి డబ్బా తీసుకుంది. బస్టాండుకు బయల్దేరింది.

*

బందరులో ఎండ మండిపోతోంది. గాలిలో ఉప్పు. ఆచార్ల వీధిలో ఒకప్పుడు ప్రతి అరుగు మీదా సుత్తి చప్పుడు ఉండేది. ఇప్పుడు రెండు ఇళ్ళలోనే ఉంది.

వీధి తలుపు తెరిచే ఉంది. మలాం గది తలుపు మూసి ఉంది. తట్టింది. పలకలేదు. వాగ్దేవి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలు బోర్లించి ఉన్నాయి. గ్యాసు పొయ్యి మీద దుమ్ము. ఆ చల్లటి వంటింట్లో, కిటికీలోంచి, కరివేపాకు వేగుతున్న వాసన వస్తోంది.

కిటికీ రెక్క తోసింది.

నాగలింగాచారి కుంపటి ముందు పీట మీద కూర్చుని ఉన్నాడు. కుంపటి మీద మూస, లోహం కరిగించే మట్టిపాత్ర. మూసలో నల్లటి గుళికలు. జలుబు చేసినవాడు ఆవిరి పట్టినట్టు, తల మీద తువ్వాలు కప్పుకుని, ఆ మూస మీదికి వంగి ఉన్నాడు.

"నాన్నా!"

తువ్వాలు తొలగింది. ఆ ముఖం సగమైపోయింది.

"ఎప్పుడొచ్చావే?" అన్నాడాయన, ఏమీ జరగనట్టు. "భోంచేశావా?"

"ఇవెక్కడివి? జుబేర్ అన్నీ తీసుకెళ్ళాడుగా!"

"అన్నీ ఎట్టా ఇస్తానే?" పక్కనున్న జాడీ మీద చెయ్యి వేశాడు. జాడీ మూత గలగలలాడింది. ఆ చేతి వణుకు అంత ఉంది. "మన ఇళ్ళల్లో పనిగది దుమ్ము ఎవరన్నా పారేస్తారా? ఊడ్చి, దాచి, దుమ్ము కడిగేవాళ్ళకిస్తాం. పిసరో నలుసో బంగారం దిగుతుంది. అన్నాళ్ళు నా కుంపటి మీద వేలాడిన డబ్బాలో ఎంత చేరి ఉంటుంది? మీ కుర్రాడికి సగం పోసిచ్చి, సగం దాచాను. మొన్నీమధ్య ఊరికే కూర్చోలేక కుంపటి రాజేశా. మూసలో పోసి కరిగిద్దామని."

ఆయన మూసలోకి చూశాడు.

"బంగారం దిగలేదే. మీ అమ్మొచ్చింది."

వాగ్దేవి కిటికీ చువ్వలు పట్టుకుంది. ఆయన చెప్పుకుపోతున్నాడు. మొదట్లో అంతా మందుల వాసనేనట. రోజుకో గుప్పెడు చొప్పున వేడిచేస్తున్నాడట. మంట కాస్త కాస్త పెంచుకుంటూ వెళితే వెనక రోజులు వస్తాయని ఆయనంతట ఆయనే పట్టుకున్నాడు. నిన్న పులిహోర. అంతకుముందు ఎండలో వడియాల పిండి.

"నాన్నా, అది విషం."

"నలభై ఏళ్ళు పీల్చానే. నన్నేం చేసింది?"

"మీ చేతులు చూసుకోండి!"

"ముసలితనం."

"కాదు నాన్నా!" ఇన్నాళ్ళూ దాచిన మాట గొంతులోకి వచ్చేసింది. ఇక ఆపడం ఆమె వల్ల కాలేదు. "అమ్మ పోయింది దాంతోనే."

కుంపటిలో బొగ్గు చిటపటమంది. నాగలింగాచారి ముఖంలో ఏ మార్పూ రాలేదు.

"తెలుసు" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"డాక్టరే. నీతో ఇంగ్లీషులో చెబుతున్నాడుగా, నేను పక్కనే ఉన్నా. మధ్యలో మెర్క్యురీ అన్నాడు. నాకు ఇంగ్లీషు రాదు గానీ ఆ ఒక్క మాటా వచ్చు. సీసాల మీద అదేగా ఉండేది." పట్టకారుతో మూసను కొద్దిగా తిప్పాడు. "నువ్వు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆవిడ పీల్చిందేదో నేనూ పీలుస్తాను. అందులో తప్పేముందే?"

వాగ్దేవి సంచిలో చెయ్యి పెట్టింది. డబ్బా తీసి కిటికీలోంచి చూపించింది.

"ఇది గంధకం. దీన్ని కలిపితే పాదరసం ఇక కదలదు. ఆ జాడీ ఇలా ఇవ్వండి."

"వాసన?"

"అదీ కదలదు."

ఆయన జాడీని రెండు చేతులా గుండెకు హత్తుకున్నాడు. చిన్నపిల్లాడిలా తల అడ్డంగా ఊపాడు.

మాస్కు ఆమె చేతిలోనే ఉంది. పెట్టుకోవాలి. లోపలికి వెళ్ళాలి. మూస దించాలి. కానీ కరివేపాకు వెనక చింతపండు పులుసు ఉడుకుతున్న వాసన మొదలైంది. తను చివరిసారి సెలవులకు వచ్చి వెళ్ళిన రోజు అమ్మ డబ్బాలో పెట్టిచ్చిన పులుసు. బస్సులో ఒలికిపోయి సంచంతా పాడైందని ఫోనులో విసుక్కున్న పులుసు. వాగ్దేవి కిటికీ చువ్వలకు ముఖం ఆనించింది. మాస్కు చేతిలోంచి జారి గట్టు మీద పడింది. అవతల తండ్రి మళ్ళీ మూస మీదికి వంగాడు. ఇద్దరూ పీల్చుకుంటున్నారు.

అప్పుడొచ్చింది ఘాటు.

ముందు ముక్కు మండింది. తరవాత కళ్ళు. మరుక్షణం గొంతులో ఎవరో రంపం పెట్టి కోసినట్టయింది. నూనెలో నల్లగా మాడిన ఎండుమిరపకాయలు. ఒకటీ రెండూ కాదు, గుప్పెళ్ళకొద్దీ. నాగలింగాచారి తువ్వాలు విసిరికొట్టి లేచాడు.

"ఓసి నీ మొహం మండా! మళ్ళీ మాడ్చావుటే మాణిక్యం!"

ఆ తిట్టు ఆయన నోట్లోంచి దానంతటదే వచ్చింది. దగ్గుతూ, తడుముకుంటూ, గడియ తీసి పెరట్లోకి పరుగెత్తాడు. వంటింటి తలుపులోంచి వాగ్దేవీ పెరట్లో పడింది. ఇద్దరూ బావి గట్టు పట్టుకుని, ముక్కులు కారుతూ, కాసేపు దగ్గడం తప్ప ఏమీ చేయలేకపోయారు.

*

ముందు నాగలింగాచారి తేరుకున్నాడు. కళ్ళనీళ్ళు కారుతుండగానే నవ్వు మొదలుపెట్టాడు.

"చూశావా మీ అమ్మ పోపు! చివర్లో మరీను. చూపు ఆనడం లేదేమో అనుకునేవాణ్ణి. పూత మాంచి పాకాన ఉంటుంది, అప్పుడు మాడ్చేది. నీ ఫ్యాను ఒకటి, పొగంతా తెచ్చి నా నెత్తినే పోసేది. ఇంక కూర్చోగలనా? ఇక్కడికొచ్చి, ఈ గట్టు మీదే కూర్చుని, ఘాటు పోయిందాకా తిడుతూ ఉండేవాణ్ణి. ఆవిడ గుమ్మంలో నిలబడి నవ్వేది."

వాగ్దేవి దగ్గు ఆగిపోయింది.

"రోజూ మాడ్చేదా నాన్నా?"

"ఏమో. ఎవరు రాసుకున్నారు?"

"మామూలు రోజుల్లోనా? మలాం పెట్టిన రోజుల్లోనా?"

ఆయన నవ్వు ఆపి ఆమెవైపు చూశాడు. ఆమె అప్పటికే ఫోను తీసింది. స్పీకరు పెట్టింది.

"జుబేర్, మా ఇంటి మిరియాల గీతలు తెరువు. పాదరసం బాగా ఎక్కువగా ఉన్న చోట్లు చూడు. అవన్నీ మలాం చేసిన రోజులు. వాటి పక్కన ఏమున్నాయి?"

"ఒక్క నిమిషం మేడమ్." మీటలు నొక్కుతున్న చప్పుడు. "ఒకటే కనిపిస్తోంది. ప్రతి పెద్ద గీత పక్కనా ఒక సూది మొనలాంటిది. ఏదో ఘాటు సరుకు. మిరపలో ఉండేది అయ్యుండొచ్చు. దాని తరవాత కాసేపు కుంపటి పని ఆగినట్టుంది, పాదరసం తగ్గిపోయింది. మళ్ళీ మొదలైంది. ప్రతిసారీ అంతే మేడమ్, చిత్రంగా ఉంది."

"మిగతా రోజుల్లో ఆ ఘాటు ఉందా?"

ఈసారి అతను చాలాసేపు వెతికాడు.

"లేదు మేడమ్. ఒక్కసారి కూడా లేదు."

వాగ్దేవి ఫోను పెట్టేసింది. పొగగూడు బిగించిన రోజు వంటింట్లో జరిగిన మాటలు తండ్రికి చెప్పింది. పొగగూడును పూర్తిగా నమ్మకు, నాన్న పని మధ్యమధ్యలో లేచి గాలికి వెళ్ళాలి, ఏదో ఒకటి చెయ్యమ్మా అని తను తల్లితో అంది. మాణిక్యాంబ మూతి విరిచింది. "మీ నాన్నా! పూత మచ్చలు పడుతుందని, బ్రహ్మదేవుడు గుమ్మంలోకొచ్చినా లేవడే ఆయన. సరే, చూద్దాంలే" అంది. అంతటితో ఆ మాట అయిపోయిందనుకుంది వాగ్దేవి.

నాగలింగాచారి ఖాళీగా ఉన్న వంటింటి గుమ్మం వైపు చూశాడు. బావి గట్టు మీద ఆయన చేతులు వాటంతటవి వణుకుతున్నాయి.

"వంట రాదన్నానే ఆవిణ్ణి" అన్నాడు చివరికి. "ఇన్నేళ్ళొచ్చినా పోపు పెట్టడం చేతకాదని, వీధిలో అందరికీ వినిపించేట్టు అన్నాను. ఒక్కసారన్నా చెప్పొచ్చుగా, ఇందుకోసమేనని?"

"చెబితే లేచేవారా?"

ఆయన ఆలోచించాడు. "లేచేవాణ్ణి కాదు" అన్నాడు.

మలాం గది తలుపులోంచి పలచగా, కనిపించీ కనిపించనట్టు ఆవిరి వస్తోంది. మిరపఘాటు అప్పుడే తగ్గిపోయింది. దాని వెనక ఇంకేదో మొదలవుతోంది. బియ్యం కడిగిన నీళ్ళలాంటిది. నాగలింగాచారి ముక్కుపుటాలు అదిరాయి. ముఖం అటు తిరిగింది. వాగ్దేవి ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఆయన లేచి లోపలికి వెళితే ఆపే శక్తి ఆమెకు లేదు. ఆయనతో తనూ వెళ్ళదన్న నమ్మకమూ లేదు.

"జాడీలో ఇంకా చాలా ఉందే" అన్నాడాయన మెల్లగా. "డబ్బాలో ఉన్న వరసనే పోశా. అడుగున మొదటి రోజులున్నాయి. ఆవిడ కాస్త లేచి తిరిగిన రోజులు."

"తెలుసు నాన్నా."

"గంధకం కలిపితే ఇంక రాదు కదూ? ఎంత మంట పెట్టినా?"

"రాదు."

ఆయన పైగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. తలుపుకు వీపు పెట్టి, బావివైపు తిరిగి కూర్చున్నాడు.

"అయితే వెళ్ళి కలిపెయ్. నేను చూడను."

*

మాస్కులో రబ్బరు వాసన తప్ప ఏమీ లేదు.

వాగ్దేవి మలాం గదిలోకి వెళ్ళింది. పట్టకారుతో మూస దించి ఇసుకలో పెట్టింది. కుంపటి మీద బూడిద కప్పింది. మూస చల్లారేదాకా నిలబడింది. మాస్కు అద్దాల వెనకనుంచి ఆ గది చెవుడు వచ్చినవాడి సంతలా ఉంది. అన్నీ జరుగుతున్నాయి, ఏదీ చేరడం లేదు. చెవి పక్కనే పట్టీ ఉంది. ఒక్క వేలితో కాస్త ఎత్తితే చాలు.

చెయ్యి పట్టీదాకా వెళ్ళింది. పెరట్లోంచి తండ్రి దగ్గు వినిపించింది. వాగ్దేవి ఆ చేతితో గంధకం డబ్బా మూత తీసింది.

పసుపు పొడి నల్లటి గుళికల మీద పడింది. మూసలోవి కూడా జాడీలో పోసి, కర్రతో అడుగుదాకా కలిపింది. అడుగున ఉన్నవి పైకి వచ్చాయి, పైనున్నవి అడుక్కి వెళ్ళాయి. ఏ రోజు ఏదో ఇంక ఎవరికీ తెలియదు. మూత బిగించి చుట్టూ మైనం పెట్టింది.

వంటింట్లోకి వచ్చి మాస్కు తీసి, జుబేర్‌కి మళ్ళీ ఫోను చేసింది.

"ఇకనుంచి మిరియాల తయారీలోనే గంధకం కలుపుదాం. ఒకసారి పట్టుకున్నదాన్ని మళ్ళీ వదలకూడదు. ఎవరు ఎంత వేడిచేసినా."

"మరి మళ్ళీ వాడుకోవడం ఎట్లా మేడమ్?"

"వాడుకోం. నిండినవి నిండినట్టే పూడ్చిపెట్టాలి."

"అప్పుడు ఖర్చు ఎన్నో రెట్లు. థర్మల్ వాళ్ళు సంతకం పెట్టరు. డైరెక్టర్ సార్ మన ఇద్దర్నీ పూడ్చిపెడతారు."

"నేనొచ్చి మాట్లాడతాను. బందరు గుళికల్లో వేడిచేయనివి ఇంకేమన్నా మిగిలాయా?"

అవతల బీరువా తలుపు మూసిన చప్పుడైంది.

"జుబేర్?"

"ఒక్క సీసా తీసి విడిగా పెట్టాను మేడమ్. మీకోసమే. ఎప్పుడన్నా అడుగుతారేమోనని."

వాగ్దేవి బోర్లించిన గిన్నెల వైపు చూసింది.

"దాంట్లో కూడా కలిపెయ్" అంది. "ఇప్పుడే. నేను లైనులో ఉంటాను."

అతను కలిపేదాకా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడింది.

పెరట్లోకి వచ్చేసరికి ఎండ బావి గట్టు దిగిపోయింది. గోడ అవతల సోమాచారి ఎవరినో కేకలేస్తున్నాడు. నాగలింగాచారి కూర్చున్న చోటే కూర్చుని ఉన్నాడు.

"అయిందా?"

"అయింది. ఇవాళే హైదరాబాదు వెళ్దాం నాన్నా. ఒంట్లోంచి పాదరసం తీసే మందులున్నాయి. కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉండాలి."

"చదరంగం బల్ల పట్టుకురానిస్తారా?"

"సోమాచారి బాబాయినే పట్టుకురండి. నేను లోపలికెళ్ళి మీ బట్టలు సర్దుతా."

రెండడుగులు వేసిందో లేదో ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆ వణుకు ఆమె మోచేతిదాకా పాకింది.

"ఇప్పుడే లోపలికెళ్ళకే" అన్నాడు పక్కకి జరిగి, గట్టు మీద చోటు చూపిస్తూ. "కాసేపు గాలికి కూర్చో. మీ అమ్మ ఊరుకోదు."